ఓడిన రోజు ఏం మాట్లాడతారు

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ రాజకీయాల గొడవ. పార్టీలను తిట్టుకోవడం మామూలే. కానీ ఈసారి బాబాయి, "అవతలివాళ్లు గెలిస్తే ఆ ఫలితాన్ని ఒప్పుకునేదే లేదు" అని రాశారు. నిజంగా భయమేసింది.

1860లో లింకన్ గెలిస్తే, ఆయన ప్రమాణం చేసేలోపే బానిసత్వాన్ని వదులుకోలేని ఏడు రాష్ట్రాలు అమెరికా నుంచి విడిపోయాయి. ఆ తర్వాత నాలుగేళ్ల యుద్ధం.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం స్పెయిన్. 1936 జూలై 12 రాత్రి కాస్టిల్లో అనే పోలీసు అధికారిని కుడిపక్షం వాళ్లు కాల్చి చంపారు. తెల్లారేలోపే ఆయన తోటి పోలీసులు కొందరు, వాళ్లతో వచ్చిన సోషలిస్టు కార్యకర్తలు కలిసి, కుడిపక్షానికి చెందిన ప్రతిపక్ష నేతల్లో ఒకరైన కాల్వో సోటెలోను ఇంట్లోంచి తీసుకెళ్లి చంపేశారు. తీసుకెళ్లింది పోలీసు బండిలోనే! 17న సైనిక తిరుగుబాటు మొదలైంది, అదే అంతర్యుద్ధంగా మారింది. ఆ కుట్ర అప్పటికే సిద్ధమవుతోంది, నిజమే. కానీ కాపాడాల్సిన పోలీసులే పగ తీర్చుకుంటే మామూలు మనిషి ఎవరి దగ్గరకు పోవాలి? అప్పటిదాకా ఏ పక్షమూ లేనివాళ్లు కూడా ప్రాణభయంతో ఏదో ఒక పక్షం చేరిపోతారు.

మీ నాయకుడు ఓడిన రోజు ఏం మాట్లాడాడో ఒకసారి వెతికి వినండి. ఓటు వేసే ముందు నేనిప్పుడు మొదట చూసేది అదే.