వైవా మధ్యలో బయట కూర్చోబెట్టారు: నా ప్రాక్టికల్స్ అనుభవం

నిన్నటితో డిగ్రీ ప్రాక్టికల్స్ అయిపోయాయి. నెల్లూరులో బస్సెక్కి బుచ్చిలో దిగేదాకా కడుపు మండుతూనే ఉంది. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

రికార్డు మీద సంతకాలు, ఫీజు, హాల్‌టికెట్ ఏ గొడవా లేకుండా అయ్యాయి. నాకు వచ్చిన ప్రయోగం ఉల్లి వేరు కొనలో సమవిభజన, అంటే ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా చీలడం. ఉల్లిపాయ అడుగు నీళ్లకు తగిలేట్టు సీసా మూతి మీద కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వాటిని ఉదయం పూటే కోసి, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన దాంట్లో వేసి ఉంచాలి. చాలామంది వేరంతా స్లైడు మీద పెట్టేస్తారు. మనకు కావలసింది చివర ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఎసిటోకార్మిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి, బొటనవేలితో పైనుంచి తిన్నగా నొక్కండి. పక్కకి జరిపితే అంతా పాడు. నా స్లైడులో మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరసగా నిలబడే దశ) ఎంత చక్కగా పడిందంటే పక్క బెంచీల వాళ్లు ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు.

దెబ్బ వైవాలో తగిలింది.

ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సార్ మైక్రోస్కోపులోకి చూసి, "ఎక్కువ కణాలు ఏ దశలో ఉన్నాయి?" అన్నారు.

"ఇంటర్‌ఫేజ్ సార్."

"అంటే?"

"విశ్రాంతి దశ సార్." నేను చదివిన గైడులో అలాగే ఉంది. మూడేళ్లుగా అదే రాశాను, మార్కులూ వేశారు.

"ఉల్లిలో క్రోమోజోములు ఎన్ని?"

"పదహారు సార్."

"ఎస్ దశ అయిపోయాక?"

ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది కదా అని "ముప్పై రెండు సార్" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి, బ్యాచ్ మొత్తానికి వినపడేట్టు, "పల్లెల్నించి బస్సెక్కి వచ్చేస్తారు, బుర్ర మాత్రం ఇంట్లో పెట్టి వస్తారు. పో, బయట కూర్చో. అందరూ అయ్యాక రా" అన్నారు. ఇరవై మంది నన్నే చూస్తున్నారు. మాకు పాఠం చెప్పిన లెక్చరర్ కిటికీ వైపు తిరిగారు, ఒక్క మాట అడ్డం రాలేదు. జవాబు తప్పయితే మార్కులు కోయండి, అది మీ హక్కు. మధ్యలో మా ఊరేం చేసింది? ఇంటర్ నుంచి ఇప్పటిదాకా ఆ దశల పేర్లు బట్టీ పట్టించారే గానీ, ఏ దశలో ఏం జరుగుతుందో మాకు చెప్పిందెవరు?

వరండాలో కూర్చుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు. ల్యాబులో సాయానికి వచ్చిన పీజీ అక్క వచ్చి, "ఏడవబాక, ఇటు చూడు" అని తన చున్నీకున్న పిన్నీసు తీసింది. నా రికార్డు దారం నుంచి ఒక పోగు తెంచి దానికి గుచ్చింది. "ఇది జీ1లో, అంటే ఎస్ దశకి ముందు ఉన్న క్రోమోజోము. ఎన్ని?" ఒకటన్నాను. అంతే పొడవున్న ఇంకో పోగు తెంచి, అదే పిన్నీసుకి గుచ్చింది. "ఎస్ దశ అయిపోయింది. ఇప్పుడెన్ని? దారాలు వదిలేసి పిన్నీసులు లెక్కపెట్టు."

పిన్నీసు సెంట్రోమియర్, అంటే జంట పోగుల్ని కలిపి పట్టుకునే చోటు. దారాలు క్రొమాటిడ్లు, అంటే ఒకే క్రోమోజోములోని రెండు నకళ్లు. డీఎన్ఏ రెట్టింపయినా క్రోమోజోములు పదహారే. విభజనలో ఎనాఫేజ్ అనే దశలో క్రొమాటిడ్లు విడిపోయినప్పుడే ఆ లెక్క మారుతుంది. మూడేళ్లలో బుర్రకెక్కనిది రెండు నిమిషాల్లో ఎక్కింది.

విశ్రాంతి సంగతీ అక్కే చెప్పింది. 1953లో ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ అనే ఇద్దరు ఒక రకం చిక్కుడు మొక్క వేళ్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఇచ్చి చూశారు. విభజనకు చాలా ముందే, రెండు విభజనల మధ్య కాలమైన ఇంటర్‌ఫేజ్‌లో ఒక నిర్ణీత సమయంలో డీఎన్ఏ తయారవుతోందని తేలింది. అదే ఎస్ దశ. దానికి ముందూ వెనకా ఉన్న కాలాలకు గ్యాప్ అని పేరు పడింది. జీ1, జీ2 అవే. పేరుకే గ్యాపు, పనికి లోటు లేదు. జీ1లో కణం పెరుగుతుంది, ప్రొటీన్లు, వాటిని తయారుచేసే రైబోజోములు కూడగట్టుకుంటుంది. ఎస్‌లో డీఎన్ఏతో పాటు అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లు కూడా తయారవుతాయి. జీ2లో నకలు పూర్తయిందా, ఎక్కడైనా దెబ్బతిందా అని సరిచూసుకుని, విభజనలో క్రోమోజోముల్ని చెరో పక్కకి లాగే కండె పోగులకు కావలసిన సరుకు సిద్ధం చేసుకుంటుంది. ప్రయోగశాలలో పెంచే మనిషి కణానికి ఒక విభజన నుంచి మరో విభజన దాకా ఈ చక్రం సుమారు 24 గంటలు పడితే, అందులో విభజనకు పట్టేది ఒక గంట. నా స్లైడు నిండా ఇంటర్‌ఫేజ్ కణాలే ఉండటానికి కారణం అదే.

అక్క చెబుతుంటే ఎడగారు (రెండో పంట) నారుకి మా నాయన మండె కట్టిన వడ్లు గుర్తొచ్చాయి. ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చి, గోతాం మీద వరిగడ్డి కప్పుతాడు. పొడి గింజలో పిండం కణాలు చాలావరకు జీ1లోనే ఆగి ఉంటాయట. తడి తగిలాక పని మొదలు. పైకి ఏమీ కనపడదు, గోతాంలో చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా తగులుతుంది. మర్నాటికి గింజ ముక్కు దగ్గర తెల్లగా మోసు వస్తుంది.

చివర్లో పిలిచారు. దారాలు, పిన్నీసు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. గొంతు వణకలేదు. మండె కట్టిన వడ్ల గురించి కూడా చెప్పి, "ఆ గోతాం ఊరికే పడుందని మా పల్లెలో ఎవరూ అనరు సార్" అన్నాను. ఆయన "ఊఁ" అని మార్కులు వేసుకున్నారు. అన్న మాటకి సారీ అయితే రాలేదు.

జూనియర్లకి ఒకటే చెబుతున్నా. మీ గైడులో ఇంటర్‌ఫేజ్ పక్కన విశ్రాంతి దశ అని ఉంటే ఇప్పుడే పెన్నుతో కొట్టేయండి.

పల్లె మాట నాయనకి చెప్పలేదు. పిన్నీసు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది, సోమవారం వెళ్లి అక్కకి ఇవ్వాలి.