పండ్ల కాక్‌టెయిల్ ప్రయోగాలు: ఐస్ లెక్క తేలింది

ఈ వేసవి పండ్ల కాక్‌టెయిల్ పనిలో ఒక కొలత దాదాపు ఖాయమైంది. అన్నీ మందు లేని రకాలే. గ్లాసుకి 90 మి.లీ. పండ్ల రసం, 20 మి.లీ. నిమ్మరసం, 15 మి.లీ. పంచదార సిరప్. సిరప్‌కి పంచదార, నీళ్లు సమాన తూకంలో తీసుకుని, కరిగేదాకా వేడిచేసి దించేస్తాను. మరగనిస్తే నీరు ఆవిరై, ఏ సీసా తీపి ఆ సీసాదే అవుతుంది.

నిలకడ లేనిది ఐస్ ఒక్కటే. అందుకే ఈమధ్య ధ్యాసంతా దానిమీదే. షేకర్‌లో పోసేముందు మిశ్రమాన్ని తూస్తాను, పది పదిహేను సెకన్లు ఊపి వడకట్టాక మళ్లీ తూస్తాను. పెరిగిన బరువంతా కరిగిన ఐసే. కాగితం మీద లెక్కేసినా అంతే: గ్రాము ఐస్ కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి. 125 గ్రాముల మిశ్రమం 28 డిగ్రీల నుంచి సున్నాకి దిగాలంటే దాదాపు 40 గ్రాముల ఐస్ నీరవ్వాలి. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గరున్న రసానికైతే పది గ్రాముల లోపే చాలు.

అంటే పండు ఒకటే, కొలత ఒకటే, పానీయాలు మాత్రం రెండు. ఫ్రిజ్‌లోని రసంతో చేస్తే చిక్కగా, వెగటు పుట్టేంత తీపిగా ఉంటుంది. బయట ఉన్న రసంతో చేస్తే పలచన. ఇప్పుడు రసాలు, సిరప్, గ్లాసు అన్నీ ముందే చల్లబరిచి, 25 మి.లీ. చల్లటి నీళ్లు నేనే కొలిచి పోస్తున్నాను. ఐస్ కూడా ఫ్రీజర్ నుంచి నేరుగా షేకర్‌లోకే. బయటపెట్టి తడిసిన క్యూబ్‌లు వేస్తే ఆ నీరూ లెక్కలో చేరుతుంది. ఇక రుచి చల్లబడ్డాకే చూడాలి. చల్లటి వాటిలో తీపి నాలుకకి తక్కువ తెలుస్తుంది.

పుచ్చకాయకి ఈ నీళ్లు కూడా వద్దు, అందులో 90 శాతానికి పైగా నీరే. గింజలు తీసిన ముక్కల్ని గడ్డకట్టించి ఐస్ బదులు వేస్తే, కరిగినా పండే కరుగుతుంది. కాస్త ఉప్పు పడితే రుచి ఇంకా తేలుతుంది. ఉప్పు చేత్తో వేస్తే ఎప్పుడూ ఒకేలా పడదు కాబట్టి 20 గ్రాముల ఉప్పుని 80 గ్రాముల నీళ్లలో కరిగించి డ్రాపర్ సీసాలో ఉంచుకున్నాను. గ్లాసుకి మూడు నాలుగు చుక్కలు.

అనాస సంగతి వేరు. తాజా రసాన్ని గట్టిగా ఊపితే పైన మందమైన నురుగు దానంతటదే కడుతుంది, గుడ్డు తెల్లసొన అక్కర్లేదు. అతిథులొస్తే ఇదే చేస్తాను, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. రుచిలో నా ఓటు మాత్రం పుచ్చకాయకే.

పుదీనాని పచ్చిగా మిక్సీలో వేయను. నలిగేకొద్దీ నల్లబడి చేదెక్కుతుంది. రెండు అరచేతుల మధ్య ఓసారి చరిచి వేస్తే వాసన చాలు. పచ్చటి పుదీనా సిరప్ కావాలంటే ఆకుల్ని మరిగే నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, వెంటనే ఐస్ నీళ్లలో వేసి, ఆపైన సిరప్‌తో కలిపి రుబ్బాలి. ఆకుని నల్లబరిచే ఎంజైములు ఆ వేడికి చచ్చిపోతాయి.

సోడా ఎప్పుడూ చివర్లోనే, అదీ బాగా చల్లబడ్డాక. వెచ్చటి సోడాలో గ్యాస్ నిలవదు. షేకర్‌లో మాత్రం పోయకండి, మూత ఎగిరిపోతుంది.

ప్రస్తుతం నిమ్మతొక్కలు పంచదారలో ఊరుతున్నాయి. పీలర్‌తో పసుపు పొర మాత్రమే తీశాను, కింది తెల్లభాగం చేదు. రాత్రంతా ఉంచితే తొక్కలోని నూనెని పంచదార లాగేస్తుంది. దానికి అంతే బరువు నీళ్లు కలిపి, మామూలు సిరప్ స్థానంలో వాడి చూడాలి. నిమ్మ వాసన అందులోనే వచ్చేస్తే రసాన్ని 20 నుంచి 15 మి.లీ.కి తగ్గించొచ్చేమో.