స్మోకర్ కొన్నాక పైసలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు

స్మోకర్ అంటే కూరను (మాంసాన్ని) పొగలో మెల్లగా ఉడికించే పొయ్యి. అది ఇంటికొచ్చిన వారంలోనే దాని చుట్టాలన్నీ ఫోన్‌లో కనపడడం మొదలవుతాయి: కోడిని నిలబెట్టే స్టాండు, కూర చీరే ఇనుప గోళ్లు, విదేశీ ఆపిల్ కట్టె ముక్కల సంచి. వీటిలో సగం సామాను వరంగల్‌లో ఏ వెల్డింగ్ షాపులోనో, స్టీలు సామాన్ల దుకాణంలోనో దొరికేదే. ఇంకో పావు వంతు అసలు అక్కర్లేదు. మిగిలిన ఆ కొంచెమే ఆర్డర్ పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పేది బొగ్గుతో నడిచే స్మోకర్ల సంగతి. 200 లీటర్ల డ్రమ్ము కోయించి చేసుకున్నా, నిలువుగా ఉండే రకం కొన్నా లెక్క ఒకటే.

మొదటి ఖర్చు థర్మామీటర్. మూతకు బిగించి వచ్చే ముల్లు థర్మామీటర్‌ను నమ్మితే పని చెడుతుంది. అది చూసేది మూత కింద చేరిన గాలిని, కూర ఉండేదేమో జాలి మీద. రెంటికీ 15 నుంచి 25 డిగ్రీల తేడా మామూలే. అందుకే రెండు ప్రోబులు, అంటే తీగ చివర వేడి చూసే పుల్లలు, ఉన్న డిజిటల్‌ది కావాలి. ఒక ప్రోబును జాలికి రెండు సెంటీమీటర్ల పైన, కూరకు నాలుగు వేళ్ల దూరంలో క్లిప్పుతో పెట్టండి. మరీ ఆనించి పెడితే చల్లటి కూర పక్కనున్న గాలిని చూసి తక్కువ చూపిస్తుంది. అది చూసి మీరు గాలి ఎక్కువ వదులుతారు, గంటలో అంతా మాడుతుంది. రెండో ప్రోబు కూరలో అన్నిటికన్నా మందంగా ఉన్నచోట దిగాలి, మొన ఎముకకు తగలకూడదు.

చూసుకోవాల్సిన అంకెలు కొన్నే. స్మోకర్ లోపల 107 నుంచి 121 డిగ్రీల మధ్య నిలవాలి. కోడి లోపల 74 రావాలి, చేపకు 63 చాలు. యాట జబ్బ గాని తొడ గాని వేలితో విడిపోయేలా కావాలంటే 92 నుంచి 95 దాకా ఆగాలి. కోడి విషయంలో రంగు చూసి తీర్పు చెప్పొద్దు. పొగ తగిలిన కూర చర్మం కింద గులాబీ రంగు తిరుగుతుంది, పూర్తిగా ఉడికినా ఆ రంగు పోదు. పచ్చిగా ఉందనుకుని ఇంకో గంట పెట్టి పీచు చేసుకునేవాళ్లే ఎక్కువ.

కొన్న రోజే పరీక్ష పెట్టండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందుల్లోకి మాత్రమే నీళ్లు పోసి కలిపి, రెండు నిమిషాలాగి ప్రోబు ముంచితే సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా పర్లేదు. మరిగే నీళ్లలో పెట్టినప్పుడు సరిగ్గా 100 రాలేదని వాపస్ చేయకండి. వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 99 దగ్గరే మరుగుతాయి.

ఈ ప్రోబులు పాడయ్యేది నిప్పుకన్నా నీళ్లతోనే. తీగ, పుల్ల కలిసే అతుకు దగ్గర తడి లోపలికి పోతే అంకెలు పిచ్చిగా ఎగురుతాయి. కుళాయి కింద కడగకుండా తడి గుడ్డతో తుడిస్తే చాలు. తీగను మూత సందులోంచి తెస్తే నలిగి తెగుతుంది, ఆ సందులోంచి పొగ కూడా పోతుంది. జాలి ఎత్తులో డ్రమ్ము పక్కన 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయించుకోండి. విడి ప్రోబులు అమ్మే మోడలే కొనాలి. యంత్రం ఐదేళ్లు వచ్చినా ప్రోబు అన్నేళ్లు రాదు.

దీని తర్వాత బొగ్గుల బుట్ట. దీన్ని ఆర్డర్ పెట్టే పనే లేదు, వెల్డింగ్ షాపులో చెప్పి చేయించుకోవచ్చు. డైమండ్ జాలి రేకుతో 38 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, కింద 5 సెంటీమీటర్ల కాళ్లు. అందులో నాలుగైదు కిలోల కట్టె బొగ్గు పడుతుంది, గాలి సరిగ్గా పెడితే ఆరేడు గంటలు మళ్లీ బొగ్గు వేయక్కర్లేదు. కాళ్లు వద్దని పైసలు మిగిల్చుకుంటే నాలుగో గంటకల్లా బూడిద గాలిదారిని మూసేసి నిప్పు చచ్చిపోతుంది. మేస్త్రీకి రెండు మాటలు ముందే చెప్పండి: జింకు పూత ఉన్న జాలి వద్దు, రంగు వేయొద్దు. నిప్పు నేరుగా తగిలే చోట జింకు పూత కాలి పొగ వస్తుంది, అది పీల్చదగ్గది కాదు.

మన దగ్గర సంచుల్లో వచ్చే కట్టె బొగ్గులో సగం పొడి, సగం దుంగ. ఇసుక జల్లెడలో వేసి ఆడించి, కిందికి రాలిన పొడి పక్కన పడేయండి. పొడి గాలిని ఆపుతుంది. వానాకాలంలో బొగ్గు చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో దాచాలి. ఇంకో మాట, భూపాలపల్లి, మంచిర్యాల, గోదావరిఖని వైపు వాళ్లకు మరీ ముఖ్యం: బొగ్గంటే కట్టె బొగ్గే. సింగరేణి రాక్షసి బొగ్గు చేతికందేంత దగ్గర్లో ఉన్నా దాన్ని స్మోకర్‌లో వేయొద్దు. అందులోని గంధకం, తారు కూరకు పడతాయి. అది తిండి వండే నిప్పు కాదు.

నిప్పు రాజేయడానికి చిమ్నీ కావాలి. ఏడంగుళాల వెడల్పు, పన్నెండంగుళాల ఎత్తున్న ఇనుప గొట్టం, అడుగు నుంచి మూడంగుళాల పైన జాలి, దాని కింద చుట్టూ రంధ్రాలు, పట్టుకోవడానికి కట్టె పిడి. నూనె డబ్బా కోసి చేస్తే రంగు, పూత కాలుతాయి, అందుకే 18 గేజి ఉత్త ఇనుప రేకు వాడమనండి. అడుగున రెండు పేపర్లు నలిపి పెట్టి, కొంచెం కొబ్బరి పీచు వేసి అంటిస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో బొగ్గు ఎర్రబడుతుంది. కిరసనాయిలు వద్దు, ఆ వాసన డ్రమ్ముకు పట్టిందంటే రెండు మూడు వంటల దాకా వదలదు. చిమ్నీలో అంటుకున్న పది, పన్నెండు ముక్కలు చాలు. వాటిని బుట్టలోని చల్లటి బొగ్గు నడుమ గుంత చేసి పోస్తే నిప్పు మెల్లగా పక్కలకు పాకుతుంది. మొత్తం బొగ్గు ఒకేసారి అంటిస్తే 180 దాటుతుంది, దాన్ని కిందికి దించడం తలనొప్పి.

గాలి కోసం ప్లంబింగ్ దుకాణంలో దొరికే ముప్పావు అంగుళం బాల్ వాల్వులు మూడు, డ్రమ్ము అడుగు దగ్గర బిగించాలి. ఇత్తడివి తీసుకోండి, ప్లాస్టిక్‌వి కరుగుతాయి. కొంచెం తిప్పి పావుగంట ఆగి చూడాలి, వెంటవెంటనే తిప్పితే వేడి ఊగుతూనే ఉంటుంది. పై పొగగొట్టం మాత్రం ఎప్పుడూ మూయొద్దు. మూస్తే పొగ లోపలే మగ్గి కూర మీద నల్లటి చేదు జిగట పేరుస్తుంది. తెల్లగా దట్టంగా పొగ వస్తోందంటే ఇంకా కూర పెట్టే సమయం కాలేదు. సన్నగా, నీలంగా, దాదాపు కనపడకుండా ఉండాలి.

పొగ కోసం వేసే కట్టె ముక్కలకు బయటి సంచి ఎందుకో నాకు అర్థం కాదు. మామిడి, జామ మన పెరళ్లలోవే, వాటి పొగ మెత్తగా ఉంటుంది. చింత గట్టిది, యాటకు బాగుంటుంది. సర్కారు తుమ్మయితే అమెరికాలో మెస్కీట్ అని మురిసిపోయే చెట్టు జాతిదే. దాని పొగ ఘాటు కాబట్టి కొంచెం తగ్గించి వేయాలి. పిడికెడంత ముక్కలు యాట జబ్బకు నాలుగైదు, కోడికి రెండు. ఆరునెలలు నీడన ఎండి, కొసన పగుళ్లు తేలి, రెండు ముక్కలు తాకిస్తే టంగున మోగాలి. నీళ్లలో నానబెట్టొద్దు. నీరు పైపొరకే ఎక్కుతుంది, అది ఆవిరయ్యేదాకా కట్టె చల్లగా పొగ కక్కుతుంది తప్ప లాభం లేదు. వేప, నీలగిరి వద్దు. గన్నేరు విషం, దగ్గరికే రానీయొద్దు. కోత మిషన్ దగ్గర దొరికే తుక్కులో ప్లైవుడ్, రంగు వేసిన చెక్క కలిసి ఉంటాయి కాబట్టి అదీ వద్దు.

బొగ్గుకూ కూరకూ నడుమ పెట్టే నీళ్ల పళ్లెంగా మూడు, నాలుగు లీటర్ల స్టీలు బేసిన్ పనికొస్తుంది. అల్యూమినియం వద్దు, చింతపండో నిమ్మకాయో కలిసిన మసాలా కారితే దానితో పడదు. మరిగిన నీళ్లే పోయాలి, చల్లవి పోస్తే వేడంతా వాటికే పోతుంది. నీళ్లు మరుగు దాటి వేడెక్కవు కాబట్టి బొగ్గు కాస్త ఎగిరినా బేసిన్ దాన్ని ఆపుకుంటుంది. కారే కొవ్వు నిప్పు మీద పడకుండా కూడా అదే కాపాడుతుంది. రెండు గంటలకోసారి చూడండి.

పెద్ద జబ్బ పెట్టినప్పుడు లోపలి వేడి 65, 70 దాకా పోయి అక్కడే గంటల తరబడి ఆగుతుంది. థర్మామీటర్ చెడిందనుకోవద్దు, బొగ్గు పెంచొద్దు. పైన తడి ఆరుతూ కూరను చల్లబరుస్తోంది, అంతే. అక్కడ చుట్టేయాలి. వంటింటి ఫాయిల్ రేకు చిరుగుతుంది, కేటరింగ్ వాళ్లు వాడే మందం రేకు తీసుకోండి, లేదా రెండు పొరలు చుట్టండి. సెగ చూపి మెత్తబరిచిన అరిటాకు చుట్టి పైన ఒక పొర రేకు వేసినా బాగుంటుంది. పేపరు చుట్టొద్దు, సిరా కూరకు అంటుతుంది.

జాలి స్టీలుదైతే 304 అని అడగండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలనే మాట సగమే నిజం. తొందరగా తుప్పు పట్టే 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు, కాబట్టి బిల్లు మీద రాయించుకోండి. కొర్రమీను గాని కోడి గాని వేలాడదీయడానికి అదే రకం 5 మిల్లీమీటర్ల చువ్వతో కొక్కేలు వంచితే చాలు. తీగల బ్రష్‌తో జాలి తోమొద్దు, తెగిన తీగ కూరలో కలుస్తుంది. వేడి జాలిని సగం కోసిన ఉల్లిగడ్డతో రుద్దండి. చేతులకు వెల్డింగ్ వాళ్ల తోలు గ్లౌజులే మేలు, కాకపోతే తడవనీయొద్దు. తడిసిన తోలులోంచి వేడి క్షణంలో దిగుతుంది.

మూత దగ్గర పొగ కారుతుంటే గ్లాస్ ఫైబర్ తాడు అతికించండి. అడక్కపోతే దుకాణంలో ఆస్బెస్టాస్ తాడు చేతిలో పెడతారు, అది వద్దు.

హన్మకొండ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు బాల్కనీకి అద్దాలు మూసి స్మోకర్ వెలిగించొద్దు. బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మేడ మీదో, ఆరుబయటో పెట్టుకోవాలి.

ఇక ఎండాకాలానికి ఒకటే సామాను అదనం: మూతున్న ఐసు డబ్బా. మే నెలలో కూర బజారు నుంచి ఇంటికి వచ్చేలోపే చెడడం మొదలవుతుంది, పోయేటప్పుడు ఐసు వేసుకుని ఆ డబ్బా పట్టుకుపోండి. వంట అయ్యాక ఐసు తీసేసి, కడిగి తుడిచి, చుట్టిన జబ్బను అందులోనే తువ్వాల కప్పి గంటసేపు ఉంచండి. ప్రోబు తీయకుండా అలాగే ఉండనిచ్చి అంకె చూస్తూ ఉండండి, 60 కిందికి దిగకముందే విస్తట్లోకి రావాలి.