ఐలా విస్కీలు, మూడు గ్లాసులు పక్కపక్కన

స్కాట్లాండ్‌లో ఐలా దీవి దక్షిణ తీరాన లఫ్రాయిగ్, లాగవులిన్, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలు ఒకే రోడ్డు మీద వరసగా ఉంటాయి, నడిచి వెళ్ళిపోవచ్చు, అయినా మూడూ మూడు రుచులు, అందుకే ఇంట్లో పక్కపక్కన పోసుకుని చూడ్డం నాకు భలే సరదా. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీని, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసే మట్టి లాంటి ఇంధనం) పొగ పట్టించి ఆరబెడతారు కాబట్టి పొగ వాసన అన్నిట్లో కామనే, కానీ లఫ్రాయిగ్ 10 (అంటే పదేళ్ళు పీపాలో ఊరింది) మూత తీస్తే టించర్ అయోడిన్ సీసా తీసినట్టే, మా ఆవిడైతే ఆసుపత్రి కంపని బాల్కనీలోకి తోలేస్తుంది. ఆర్డ్‌బెగ్ 10 ఏళ్ళది 46 శాతం ఆల్కహాల్, చిల్ ఫిల్టర్ (చల్లబరిచి వడకట్టడం) చెయ్యరు, ఘాటెక్కువే గానీ వెనకాల నిమ్మ పులుపు తగుల్తుంది, కాసిని నీళ్ళ చుక్కలేస్తే ఇంకా బావుంటుంది. లాగవులిన్ 16 నిదానం, కొంచెం తీపి, డబ్బులెక్కువైనా నా ఓటు దానికే. ఐస్ మాత్రం వద్దు బాబూ, వాసన చచ్చిపోద్ది. మిర్చీ బజ్జీలు కూడా తర్వాతే, ముందు తింటే నాలుక మండి తేడా ఏం తెలీదు.