కాశీలో భారత కళాభవనం

కాశీకి వెళ్లే మనవాళ్లు విశ్వనాథ దర్శనం, గంగాస్నానం, సాయంత్రపు హారతి ముగించుకొని తిరుగు ప్రయాణం కడతారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం దాకా వెళ్లినవారు సైతం కొత్త విశ్వనాథాలయం చూసి వెనుదిరుగుతారే తప్ప, అదే ఆవరణలోని భారత కళాభవనం అనే మ్యూజియం గడప తొక్కేవారు అరుదు. గొదౌలియా కూడలి నుంచి విశ్వవిద్యాలయ ద్వారం దగ్గరి లంకా వరకు ఆటోకు న్యాయమైన ధర చెప్పే మనిషి దొరక్క బేరాలతో విసిగిపోయిన నాకు, ఆ చిరాకంతా లోపల కార్తికేయుడి ఎదుట నిలబడగానే తీరిపోయింది.

గుప్తుల కాలపు ఇసుకరాతి శిల్పమది. బాలస్వామి నెమలిపై కూర్చుని, దాని మెడకు ఇరువైపులా కాళ్లు జారవిడిచాడు. విప్పారిన పింఛమే ఆయన వెనుక ప్రభామండలమైంది. ముఖంలో ఎంత పసితనమో అంత ధీమా. గర్భగుడి ముందు క్షణమైనా నిలవనీయని తోపులాట తరువాత, ఒక దేవతామూర్తిని తనివితీరా చూసే అవకాశం నాకు ఈ యాత్రలో ఇక్కడే కలిగింది.

ఇంతటి సంపదను పోగుచేసినవాడు రాజు కాదు, సర్కారూ కాదు. కాశీలోని సంపన్న కుటుంబంలో 1892లో పుట్టిన రాయ్ కృష్ణదాస్ హిందీ రచయిత; హిందీ కవులు జయశంకర్ ప్రసాద్, మైథిలీశరణ్ గుప్తలకు ఆప్తమిత్రుడు. ఆయన 1920లో తన సేకరణతో ఒక కళాపరిషత్తును స్థాపించగా రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి అధ్యక్షత వహించారు. సొంత గూడు లేని ఆ సంగ్రహం కొంతకాలం కాశీలోని హిందీ సాహిత్య సంస్థ నాగరీ ప్రచారిణీ సభలో తలదాచుకొని, 1950లో విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ ఏడాదే నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ భవనంలోకి 1962లో మారింది.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఎన్నిసార్లు చూసినా, 1949లో యజమాని సంతానం లేకుండా కన్నుమూశాక అది ప్రజలపరమైన తీరే గుర్తుకు వస్తుంది. కృష్ణదాస్ మాత్రం నిండు వయసులోనే తన వస్తువులను సంస్థ చేతిలో పెట్టి, ఆ తరువాత కూడా దాని బాగోగులు చూస్తూ 1980 వరకు జీవించారు. ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చినదానికి కడదాకా కాపలా ఉండటం మరో ఎత్తు; నన్ను కదిలించింది ఆ రెండవదే.

మొఘల్, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాల గదిలో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు గడిపాను. బలమైన వెలుగుకు రంగులు వెలిసిపోతాయి కనుక అలాంటి బొమ్మలను మసక వెలుతురులోనే ఉంచాలి. కళ్లు అలవాటు పడేదాకా ఓపిక పడితే కనురెప్పల గీతలు సైతం కనబడతాయి. అస్సీ ఘాట్‌లో దశాబ్దాలపాటు నివసించిన స్విస్ శిల్పి ఆలిస్ బోనర్ పేరిట కూడా ఇక్కడ ఒక గది ఉంది. దానికి నాకు సమయం చాలలేదు. వెళ్లేవారు ఒక పూట మొత్తం దీనికే కేటాయించుకోవాలి. విశ్వవిద్యాలయం సెలవు దినాలను ముందే కనుక్కోవాలి.