కన్నకొడుకు మీద సాక్ష్యం

మొన్న మా బంధువుల్లో అన్నదమ్ముల పిల్లల మధ్య పొలం తగాదా పెద్దల ముందుకు వచ్చినప్పుడు, మా ఖాలా (అమ్మ తోబుట్టువు) కన్నకొడుకు ఎదుటే నిలబడి, "హద్దురాయి చింతచెట్టుకు అవతల ఉండేది, ఇవతలికి జరిపింది మావాడే" అని తడబడకుండా చెప్పింది.

న్యాయం కోసం నిలబడి, మీకే గానీ, తల్లిదండ్రులకు గానీ, దగ్గరి బంధువులకు గానీ వ్యతిరేకమైనా సరే, అల్లాహ్ కొరకు సాక్ష్యం చెప్పమని ఖుర్ఆన్‌లోని అన్-నిసా సూరా (అధ్యాయం) 135వ ఆయత్ (వాక్యం) ఆదేశిస్తుంది. అక్కడే, సాక్ష్యం ఎవరి గురించో ఆ మనిషి ధనికుడైనా పేదవాడైనా న్యాయం తప్పవద్దని కూడా ఉంది. అంటే జాలితో చెప్పే అబద్ధానికీ అందులో చోటు లేదు, నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే.

తరువాత ఎవరో ఆమె కొడుకును దొంగ అనబోతే, జరిగినదానికి మించి ఒక్క మాట కూడా అనవద్దని ఖాలా అంతే గట్టిగా వారించింది.