పద్దెనిమిది రాకపోతే ఎక్కడ వెతకాలి? ఎలక్ట్రాన్ల లెక్కతో నా అనుభవం

లోహ సంశ్లిష్టాల్లో, అంటే పరివర్తన లోహానికి అణువులో అయాన్లో అతుక్కున్న సమ్మేళనాల్లో, లోహం చుట్టూ వేలెన్సీ ఎలక్ట్రాన్లు మొత్తం 18 ఉంటే స్థిరత్వం ఎక్కువన్నది ఒక వాడుక నియమం. ఆ ఎలక్ట్రాన్లు లెక్కపెట్టేటప్పుడు నేను తటస్థ పద్ధతినే పట్టుకుంటాను: లోహాన్నీ దానికి అతుక్కున్నవాటినీ ఆవేశం లేనివిగానే చూస్తాను. లోహం గ్రూపు సంఖ్య ఎంతో అన్ని ఎలక్ట్రాన్లు దాని ఖాతాలో వేస్తాను. కార్బొనిల్ (అతుక్కున్న కార్బన్ మోనాక్సైడ్), ఫాస్ఫీన్, ఇథిలీన్ రెండేసి ఇస్తాయి. హైడ్రైడ్, మిథైల్, క్లోరైడ్ ఒక్కొక్కటి, ఈటా-3 అల్లైల్ మూడు, ఈటా-5 సైక్లోపెంటాడైఈనైల్ రింగు అయిదు (ఈటా పక్క అంకె, ఎన్ని కార్బన్లతో లోహాన్ని పట్టుకుందో చెబుతుంది). లోహం–లోహం బంధం ఒక్కోదానికి ఒకటి. ఆవేశం సంగతి ఆఖరున: ధనావేశమైతే తీసేయాలి, ఋణావేశమైతే కలపాలి.

ఇనుముకు రెండు సైక్లోపెంటాడైఈనైల్ రింగులున్న ఫెర్రోసీన్‌కు 8+5+5=18. లోహాన్నీ రింగులనూ అయాన్లుగా చూసే అయానిక్ పద్ధతిలోనూ 6+6+6=18. పేచీ అంతా రెండు పద్ధతులనూ కలిపినప్పుడే: ఇనుముకు 8 వేసి రింగుకు 6 వేస్తే 20, ఇనుముకు 6 వేసి రింగుకు 5 వేస్తే 16. ఎవరి జవాబులోనైనా ఈ అంకెలు కనిపిస్తే నేను మొదట అనుమానించేది ఈ కలగాపులగాన్నే.

తర్వాత చూడాల్సింది వంతెనలు, అంటే ఒకేసారి రెండు లోహాలకు అతుక్కున్నవి. రోడియం డైకార్బొనిల్ క్లోరైడ్ డైమర్‌లో (ఒకేలాంటి రెండు భాగాలు కలిసినదానిలో) వంతెనగా ఉన్న ఒక్కో క్లోరిన్ ఒక రోడియానికి ఒకటి, రెండోదానికి ఒంటరి జంటగా రెండు ఇస్తుంది. అంటే ఒక్కో రోడియానికి 9+4+1+2=16. డైమాంగనీస్ డెకాకార్బొనిల్‌లో వంతెనలే లేవు; 7+10=17, మిగతా ఒకటి మాంగనీస్–మాంగనీస్ బంధం తెస్తుంది.

బొమ్మలో రింగు కనిపించగానే అయిదు వేసేయకూడదు. రెండు సైక్లోపెంటాడైఈనైల్ రింగులు, రెండు కార్బొనిల్‌లు ఉన్న టంగ్‌స్టన్ సంశ్లిష్టానికి అలా లెక్కిస్తే 20 వస్తుంది. నిజానికి ఒక రింగు వంగి మూడు కార్బన్లతోనే పట్టుకుంటుంది: 6+5+3+4=18. నైట్రోసిల్‌దీ (అతుక్కున్న నైట్రిక్ ఆక్సైడ్‌దీ) ఇదే తంతు: నిటారుగా ఉంటే మూడు, వంగితే ఒకటి. కాబట్టి లోహం–నైట్రోజన్–ఆక్సిజన్ కోణం తెలియకుండా లెక్క మొదలుపెట్టను.

ఇవన్నీ సరిచూశాక కూడా 18 రాకపోతే లెక్క తప్పని కాదు. మూడు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌లు, ఒక క్లోరిన్ ఉన్న విల్కిన్సన్ ఉత్ప్రేరకంలో రోడియానికి 9+1+6=16. లోహంలో ఎనిమిది డి ఎలక్ట్రాన్లున్న (డి8) చదరపు సమతల సంశ్లిష్టాలకు 16 మామూలే. ఆ సమతలానికి నిలువుగా ఉన్న అక్షం మీద చోటు ఖాళీగా ఉంటుంది. వనేడియం హెక్సాకార్బొనిల్ 17 దగ్గరే ఆగిపోతుంది: ఆరు కార్బొనిల్‌ల ఇరుకులో లోహం–లోహం బంధానికి తావుండదు. అందుకే ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఋణ అయాన్‌గా మారడం దానికి సులువు.

18 వచ్చినంతమాత్రాన బంధం సంగతి తేలదు. మాంగనీస్ ధన అయాన్, క్రోమియం, వనేడియం ఋణ అయాన్: ఈ మూడు హెక్సాకార్బొనిల్‌లకూ లెక్క 18, మూడింట్లోనూ లోహం డి6. పరారుణ వర్ణపటంలో మాత్రం కార్బొనిల్ బంధం సాగే కంపనం (అంకె తగ్గితే కార్బన్–ఆక్సిజన్ బంధం బలహీనమని అర్థం) వరుసగా సెంటీమీటరుకు సుమారు 2090, 2000, 1860 దగ్గర వస్తుంది. విడి కార్బన్ మోనాక్సైడ్‌ది 2143. ఋణావేశం పెరిగేకొద్దీ లోహం తన డి ఎలక్ట్రాన్లను కార్బొనిల్ యాంటీబాండింగ్ (బంధాన్ని బలహీనపరిచే) ఆర్బిటాల్‌లోకి ఎక్కువగా నెడుతుంది. దాంతో కార్బన్–ఆక్సిజన్ బంధం బలహీనపడుతుంది, లోహం–కార్బన్ బంధం గట్టిపడుతుంది.